ఇసుకలో కూలి: బంగారు పేరున్న నదుల గురించి

(ఖరగ్‌పూర్‌లో చేసిన గిడుగు వెంకట రామమూర్తి స్మారకోపన్యాసం)



ఇవాళ ఆగస్టు 29, గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. 1863లో వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, చుట్టూ కొండల్లో ఉన్న సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. ఆ భాషకు అప్పటికి పుస్తకమంటూ లేదు. అందుకని సవర మాట్లాడే మనిషినే ఇంటికి పిలిపించుకుని, పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క మాటా ఆ నోటి నుంచే విని రాసుకున్నారు. ఏళ్ళ తరబడి విన్నారు. 1931లో అచ్చయిన ఆయన సవర భాషా గ్రంథం ఆ వినికిడిలోంచి పుట్టింది. తెలుగులో వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం మీ అందరికీ తెలుసు. దానికి వేరు ఈ సవర పాఠంలోనే ఉందని నేను నమ్ముతాను. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, అన్నేళ్ళు బతికిన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. సరిహద్దు గీత ఒకటి జరిగితే మనిషి బతుకు ఎంత కదులుతుందో ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకు నేను వివరించనక్కర్లేదు.

మాటకు అర్థం కావాలంటే ఆ మాటతో బతికేవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. పంతులుగారి దగ్గర నేను నేర్చుకున్నది ఇదొక్కటే. ఆ పనిముట్టు పట్టుకుని ఈ సాయంత్రం కొన్ని నదుల దగ్గరికి వెళదాం. అవన్నీ బంగారం పేరు పెట్టుకున్న నదులు.

1

మా తాత ఇక్కడి రైల్వే వర్క్‌షాప్‌లో ఫౌండ్రీ పనికి వచ్చినవాడు. మా మామ్మది సంగం పక్కన పల్లె. వంగర దగ్గర నాగావళి, సువర్ణముఖి, వేగవతి మూడూ కలిసే చోటది. శివరాత్రికి సంగమేశ్వరుడి దగ్గర ఇసుకలో జనం కిటకిటలాడతారు. మీలో ఆ జాతర చూసినవాళ్ళు ఉన్నారు, ఇక్కడ నుంచే తలలు ఊగడం కనిపిస్తోంది.

వేసవి సెలవులకు పాసు రాయించుకుని ఊరికి బయలుదేరేవాళ్ళం. దాంతన్ దాటి, జలేశ్వర్ దాటాక రైలు చప్పుడు మారుతుంది. కింద మట్టి పోయి ఇనుము వస్తుంది. వంతెన వచ్చిందనగానే మామ్మ కొంగు ముడి విప్పి, ఒక నాణెం కళ్ళకద్దుకుని కిటికీలోంచి నీళ్ళలోకి వేసేది. ఒకసారి ఎదురు బల్ల మీది బెంగాలీ పెద్దాయన ఆ నది పేరు చెప్పాడు. సుబర్నొరేఖా. మామ్మ ఆ పేరును తన నోటికి తిప్పుకుని, నా వైపు చూసింది.

"ఇదీ మన సొర్నముకే కదరా! ఇంత దూరం ఎలాగొచ్చింది?"

నాకు ఎనిమిదేళ్ళు. బళ్ళో భూగోళం మొదలైంది. అది వేరు, ఇది వేరు మామ్మా అన్నాను.

"వేరయితే పేరెందుకు ఒకటయింది?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ ఉపన్యాసం ఒప్పుకున్నాను. మీరూ ఆ దారిన ఎన్నోసార్లు వెళ్ళారు. సువర్ణరేఖ దాటాక బుడాబలంగ, వైతరణి, బ్రాహ్మణి, మహానది, రుషికుల్య, బాహుదా, మహేంద్రతనయ, వంశధార, నాగావళి. కాళిదాసు రఘువంశంలో రఘువు కపిశా నదిని ఏనుగుల వంతెన మీద దాటి కళింగం వైపు నడుస్తాడు. ఆ కపిశ మన ఊరికీ మేదినీపూర్‌కీ మధ్య పారే కసాయి నదేనని చాలామంది పండితుల మాట. అంటే మన మెయిలు బండి వెళ్ళే దారి పాత దారే. ఆ దారిలో ఇన్ని నదులుండగా బంగారం పేరు ఈ కొసన ఒకదానికి, ఆ కొసన ఒకదానికి పడింది.

2

ముందు మన ఊరి వైపు నదిని చూద్దాం. రాంచీ దగ్గర నగ్రీ అనే చోట రాణీ చువాఁ అనే చిన్న ఊటలో సువర్ణరేఖ పుడుతుంది. హుండ్రూ దగ్గర 98 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. జంషెడ్‌పూర్ దగ్గర ఖర్కాయి వచ్చి కలుస్తుంది. ఆ కలిసే చోటి పేట పేరు సోనారీ. ఇంకా పైన, రాంచీ జిల్లాలో నది పక్కన సోనాహాతు ఉంది. ముండారీ భాషలో హాతు అంటే ఊరు. బంగారపు ఊరన్నమాట. ఈ నది ఒడ్డునే ఘాట్‌శిలా వైపు రాగి, జాదూగోడాలో యురేనియం, చుట్టూ కొండల్లో ఇనుము. ఇంత లోహం ఉన్న నేలలో పారే నదికి బంగారం పేరు ఊరికే రాలేదు.

బంగారం ఉన్నమాట నిజం. ఛోటానాగ్‌పూర్ రాళ్ళు చాలా పాతవి. వాటిలో తెల్ల పలుగురాతి చారలుంటాయి. ఆ చారల్లో ఎక్కడో సన్నటి బంగారం ఉంటుంది. ఎండకూ వానకూ రాయి పగిలి, పొడయి, వాగులో పడుతుంది. అక్కడి నుంచి పనంతా నీళ్ళది. ఇసుక నీటికంటే రెండున్నర రెట్లకు కొంచెం పైగా బరువు. బంగారం పంతొమ్మిది రెట్లు. వరద ఇసుకను మోసుకుపోతుంది, బంగారాన్ని మోయలేక వదిలేస్తుంది. నది మలుపు తిరిగేచోట లోపలి ఒడ్డున, బండ వెనక, రాతి పగుళ్ళలో అది దిగబడుతుంది. దానితోపాటు బరువైన నల్ల ఇసుకా దిగుతుంది. అందుకే గాలించేవాళ్ళు పసుపు రంగు కోసం వెతకరు, నలుపు కోసం వెతుకుతారు.

గాలించేవాళ్ళు అన్నాను. ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. పత్రికల్లో గాలింపు అంటే ఇప్పుడు పోలీసులే గుర్తొస్తారు. మన వంటింట్లో అది బియ్యం పని. గిన్నెలో నీళ్ళు పోసి, ఒడుపుగా తిప్పుతూ, బియ్యం పక్క గిన్నెలోకి పోతూ ఉంటే రాయి అడుగున మిగులుతుంది. సువర్ణరేఖ ఒడ్డున చెక్క పళ్ళెంతో చేసేదీ అచ్చంగా అదే. కాకపోతే మనం పైది ఉంచుకుని అడుగుది పారేస్తాం, వాళ్ళు పైది పారేసి అడుగుది ఉంచుకుంటారు. కంసాలి కొట్టు ఊడ్చిన దుమ్ము కడిగి బంగారు రజను తీసే పనికి తెలుగులో జలగడుగు అనే మాట కూడా ఉంది. తల్లులారా, ఈ విద్య మీ చేతుల్లో ఉంది. ఆ ఒడ్డుకు వెళితే ఒక్క పూటలో నేర్చుకుంటారు.

సువర్ణరేఖలోనూ, దానిలో కలిసే కర్కరీలోనూ ఈ పని ఇప్పటికీ ఉంది. ఎక్కువగా ఆదివాసీ కుటుంబాలు, అందులోనూ ఆడవాళ్ళు, పిల్లలు. భూగర్భ శాఖలో పనిచేసిన వాలెంటైన్ బాల్ పంతొమ్మిదో శతాబ్దంలోనే ఈ అడవులన్నీ తిరిగి, బంగారం కడిగేవాళ్ళను దగ్గర నుంచి చూసి రాశాడు. వానలు తగ్గాక, పొలం పని లేనప్పుడు, మోకాలి లోతు నీళ్ళలో రోజంతా వంగి నిలబడితే చివరికి పళ్ళెం అడుగున దక్కేది బియ్యపుగింజలో ఎన్నో వంతు. దాన్ని జాగ్రత్తగా మూటగట్టి దగ్గరి సంతలో వర్తకుడికి అమ్ముతారు. ఆ డబ్బుతో ఉప్పు, నూనె, బియ్యం. మర్నాడు మళ్ళీ నది.

ఇందులో ఐశ్వర్యం ఎక్కడుంది? రోజు పనికి రోజు గింజ. దాన్ని మన భాషలో కూలి అంటాం. సువర్ణరేఖ పేరులో మెరుస్తున్నది ఆ కూలేనని ఈ సాయంత్రం మీ ముందు వాదించదలచుకున్నాను.

3

ఒక్క నది చూసి అంతమాట ఎలా అంటావని మీరు అడగాలి. అడగండి. మనకంటే బాగా ఉత్తరాన ఉన్న నదులు కొన్ని చూద్దాం.

అరుణాచల్ కొండల్లోంచి అస్సాం మైదానంలోకి దిగి బ్రహ్మపుత్రలో కలిసే సుబన్‌సిరి ఉంది. పేరులో సువర్ణమే ఉంది, చివర శ్రీ చేరింది. అక్కడ సోనోవాల్ కచారీలనే జనం ఉన్నారు. ఆ ఇంటిపేరు మీరు రాజకీయ వార్తల్లో విన్నదే. అహోం రాజుల కాలంలో నదుల్లో బంగారం కడిగి రాజుగారి ఖజానాకు కప్పం కట్టిన పని వాళ్ళది. సోనా నుంచి సోనోవాల్. నది పేరూ జాతి పేరూ ఒకే పనిలోంచి వచ్చాయి. ఇక్కడ కూలి కూడా చేతికి పూర్తిగా మిగలలేదు, ముందు రాజు వాటా.

ఇంకా పైకి వెళితే తజికిస్తాన్ మంచుకొండల్లో పుట్టి సమర్‌కంద్, బుఖారాలను తడిపే జరఫ్‌షాన్. పారసీలో జర్ అంటే బంగారం, అఫ్‌షాన్ అంటే చల్లేది. మన జరీ అంచు చీరలోని జరీ ఆ జర్ నుంచి వచ్చిందే. ఈ నది ఆమూ దర్యాను చేరకుండానే ఇసుకలో ఇంకిపోతుంది, పొలాలకు కాలువలు పంచి పంచి దానికే ఏమీ మిగలదు. బంగారం చల్లేది అన్న పేరు ఇసుకలోని రేణువులను చూసి పెట్టి ఉండవచ్చు. ఆ కాలువల కింద పండిన పంటను చూసినా అదే పేరు నోటికి వస్తుంది. చైనాలో యాంగ్‌ట్సీ నది పై భాగానికి జిన్‌షా అని పేరు. బంగారు ఇసుక అని అర్థం. అక్కడా ఇసుక కడిగి బతికినవాళ్ళున్నారు.

ఇప్పుడు నా వాదానికి అడ్డం వచ్చే నది. అమరకంటకం దగ్గర పుట్టి పాట్నా పక్కన గంగలో కలిసే సోన్. హిందీ చెవికి అది సోనా. సంస్కృతంలో దాని పేరు శోణ. శోణితం అంటే రక్తమని మనకు తెలుసు కదా, ఆ శోణ. ఎర్రనిది. వరదలో వచ్చే ఎర్ర నీటి రంగు. బంగారానికీ దానికీ చుట్టరికం లేదు. అయినా ఆ నదికి హిరణ్యబాహు అనే ఇంకో పేరూ ఉంది. బంగారు చేతులది అని. మెగస్తనీస్ పాటలీపుత్రం గురించి రాస్తూ పక్కనున్న నదిని ఎరన్నోబోయస్ అన్నాడు. అది హిరణ్యబాహువేనని 1793లో విలియం జోన్స్ కలకత్తాలో ప్రకటించినప్పుడు, చంద్రగుప్తుడి కాలం ఎప్పుడో తేల్చడానికి తాళంచెవి దొరికింది. ఒక నది పేరును సరిగ్గా విన్నందుకు దేశ చరిత్రకు తేదీలు కుదిరాయి. కాబట్టి బంగారం అన్న ప్రతి పేరూ బంగారం కాదు, అది ఒప్పుకుంటాను. కొన్ని రంగులు. కొన్ని గౌరవాలు.

పురాణాల ఉత్తరం ఒకటుంది, అది మరీ దూరం. మేరువు పక్కన ఏనుగులంత నేరేడు పళ్ళు రాలి, ఆ రసం నదిగా పారితే, ఆ రసంతో తడిసి ఆరిన ఒడ్డు మట్టే బంగారమయిందట. ఆ నది జంబూనది, ఆ బంగారం జాంబూనదం. నిఘంటువు తీస్తే బంగారానికి పర్యాయపదంగా ఇప్పటికీ ఉంటుంది. మిగతాచోట్ల బంగారాన్ని బట్టి నదికి పేరు. ఇక్కడ నదిని బట్టి బంగారానికి పేరు. దాన్ని ఎవరూ కడగలేదు, ఎవరి నడుమూ వంగలేదు. అది సిద్ధులూ దేవతలూ పెట్టుకునే నగ.

భారతం సభాపర్వంలో దుర్యోధనుడు రాజసూయానికి వచ్చిన కానుకలను అసూయతో లెక్కపెడుతూ, మేరు మందరాల మధ్య శైలోదా నది ఒడ్డు జనం తెచ్చిన ఒక బంగారం గురించి చెబుతాడు. దాని పేరు పిపీలికం. చీమలు తవ్వి పైకి తెచ్చినదట. ద్రోణాలతో కొలిచి పోశారు. గ్రీకు హెరోడోటస్ కూడా మన ఉత్తరపు ఎడారిలో బంగారం తవ్వే చీమల కథ రాశాడు. రాజుల సభలో మెరిసిన బంగారానికి తవ్విన చీమ పేరు పెట్టిన ఆ జనం మీద నాకు చాలా గౌరవం. తెచ్చి ఇచ్చిన రాజు పేరు దానికి లేదు, పుచ్చుకున్న ధర్మరాజు పేరూ లేదు.

4

ఇక మన నదులు.

శ్రీకాళహస్తి పక్కన పారేది స్వర్ణముఖి. పాత పుస్తకాల్లో సువర్ణముఖరి. చివరి అక్షరం గమనించండి. ముఖి అంటే ముఖం కలది. ముఖరి అంటే చప్పుడు చేసేది, మాట్లాడేది. ముఖరితం అనే మాట మీరు వినే ఉంటారు. బంగారు మొహం కాదు, బంగారంలా మోగే గొంతు. రాళ్ళ మీద పారే కొండవాగును చెవితో విన్నవాడు పెట్టిన పేరది. కాలక్రమంలో ఒక్క ర జారిపోయి గొంతు కాస్తా మొహమయింది. స్కాందపురాణం ఈ నదిని అగస్త్యుడు తెచ్చాడంటుంది. ఈ సంస్కృతం కింద ఇంకో పేరుంది. మొగలేరు. తెలుగు ఏరు, తెలుగు పేరు. బంగారం ఊసే లేదు.

కానీ శ్రీకాళహస్తిలో ఒక కథ చెప్పుకుంటారు. గుడి కట్టే రోజుల్లో పనివాళ్ళు సాయంత్రం ఏటిలో దిగి, గుప్పెడు ఇసుక తీసుకునేవారట. ఎవరు ఎంత పని చేశారో అంతమేరకే ఆ ఇసుక బంగారమయ్యేదట. ఒళ్ళు దాచుకున్నవాడికి ఇసుక ఇసుకగానే మిగిలేది.

ఈ కథ మొదటిసారి విన్నప్పుడు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. నదిని ఇంత స్పష్టంగా కూలి లెక్కగా చెప్పిన కథ ఇంకొకటి నేను వినలేదు. మేస్త్రీ లేడు, మస్టరు లేదు, కోత లేదు. నది అందరి చెమటా చూసింది, చూసినంత ఇచ్చింది. సువర్ణరేఖలో బంగారం కడిగే ఆడమనిషికీ ఈ గుడి కూలీకీ మధ్య వందల మైళ్ళున్నాయి, భాషలు వేరు. పేరులోని బంగారం మాత్రం ఒక్క చోటి నుంచే వచ్చింది, సాయంత్రం పూట చాచిన చేతిలోంచి.

మా మామ్మ సువర్ణముఖి వేరు. సీతానగరం వంతెన కింద పారేది, మడ్డువలస దగ్గర ఆనకట్టలో ఆగేది. చివరికి నాగావళిలో కలిసి కిందికి పోతుంది. నాగావళిని పాముల వరుస అని చెప్పేవాళ్ళున్నారు. సంస్కృతంలో దాన్ని లాంగుల్య అన్నారు. బలరాముడు నాగలితో గీస్తే పారిన నది అని సిక్కోలు కథ. లాంగలమే మన నాగలి. నాకు పాముకంటే నాగలి కథే నచ్చుతుంది, నచ్చడానికి కారణం మీకిప్పుడు తెలుసు. పక్కపక్కనే పారి సంగంలో కలిసే రెండు నదుల్లో ఒకదాని పేరులో పనిముట్టు, ఒకదాని పేరులో కూలి.

5

ఇక్కడికి వచ్చినవాళ్ళ సంగతి చెప్పి ముగిస్తాను.

1893 నుంచి 1896 వరకు బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ రైల్వే వేశారు. 1896-97లో కరువు మన ఉత్తర జిల్లాలను కుదిపింది. 1887లో మొదలైన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఆ శతాబ్దం చివరికి ఈ ఖరగ్‌పూర్‌ను జంక్షన్ చేసింది, ఇక్కడే వర్క్‌షాప్ కూడా తెరిచింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెల్లోంచి మనవాళ్ళు అదే లైను పట్టుకుని వచ్చారు. ఫౌండ్రీ, బాయిలర్ షాపు, వ్యాగన్ షాపు, లైను మీద గ్యాంగు పని. నిమ్‌పురాలో, మథురాకాటిలో తెలుగు మాట వినిపించింది. బంగారు నది ఒడ్డున బయలుదేరినవాడు ఇంకో బంగారు నది దాటి వచ్చి, చేతికి కూలి తీసుకున్నాడు. ఋత్విక్ ఘటక్ దేశ విభజనలో ఇల్లు పోయినవాళ్ళ మీద తీసిన సినిమాకు సువర్ణరేఖ పేరే పెట్టుకున్నాడు. ఆ నది దాటినవాళ్ళందరికీ వెనక ఒక ఏరుంది.

ఆ వెనక ఏటిని మనవాళ్ళు ఏమని పిలిచారు? సువర్ణముఖి అని పండగనాడు, సంకల్పంలో. మిగతా రోజుల్లో గెడ్డ. తెలంగాణలో వాగు, రాయలసీమలో వంక, మనకు గెడ్డ. గెడ్డకెళ్ళొస్తాను, గెడ్డ పొంగింది, గెడ్డవతల పొలం. ఇక్కడ మన పక్కనే ఉండే సంతాలీలను నదిని ఏమంటారని అడగండి. గడ అంటారు. చెవికి దగ్గరగా వినిపించినంత మాత్రాన రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలని నేను చెప్పను. సవర కూడా ముండా కుటుంబపు భాషే, సంతాలీకి చుట్టం. గెడ్డ అనే మనమూ సవర మాట్లాడే వాళ్ళూ ఆ కొండల కింద పక్కపక్కనే బతికాం. ఈ ప్రశ్నను పట్టుకుని కూర్చునే కుర్రవాళ్ళు ఈ హాల్లో ఉన్నారని నా ఆశ. పుస్తకం ముందు తెరవకండి. ముందు సంతాలీ మిత్రుడితో కలిసి ఒక టీ తాగండి.

మామ్మకు ఇవాళ జవాబు చెప్పాలంటే ఇలా చెబుతాను. అది మన సొర్నముకి కాదే మామ్మా, నీళ్ళు వేరు. కానీ రెండిటి ఒడ్డునా వంగి పనిచేసినవాళ్ళు ఒకటే. అందుకని పేరు ఒకటయింది.

నిర్వాహకులను ఒక సాయం అడిగాను, ఒప్పుకున్నారు. హాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఒక పెద్ద నోటుబుక్కు పెట్టించాను. అందులో రెండు గళ్ళు గీయించాను. మొదటి గడిలో మీ పెద్దలు ఏ ఏటి ఒడ్డు నుంచి వచ్చారో రాయండి. మీ ఇంట్లో వాళ్ళు దాన్ని ఎలా పలికేవారో అలాగే, దిద్దకుండా రాయండి. రెండో గడిలో వాళ్ళు ఇక్కడ చేరిన మొదటి పని. చదువు రానివాళ్ళు చెబితే పక్కవాళ్ళు రాసిపెట్టండి. మొదటి వరస నేను రాశాను. మా మామ్మ ఊరి వెనక చిన్న ఏరొకటి ఉండేది, దాని పేరేమిటని ఎన్నిసార్లు అడిగినా ఒకటే చెప్పేది. అదే రాశాను: గెడ్డ. పక్క గడిలో: ఫౌండ్రీ.